కరెంటు పెట్టించినా తిరిగొచ్చిన నడుము నొప్పికి ఫిజియోథెరపీలో అసలు వైద్యం ఏది

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పలాస దగ్గరి ఊళ్ళో ఉంటున్న మీ అమ్మగారికి 51 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా జీడిపప్పు పరిశ్రమలో కింద కూర్చుని పొట్టు తీసే పని చేస్తున్నారు. 8 నెలలుగా నడుము నొప్పి ఉంది; గత రెండు నెలలుగా అది కుడి పిర్ర మీదుగా పిక్క దాకా లాగుతోంది. ఎం.ఆర్.ఐ.లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము అడుగున రెండు చోట్ల, వెన్నుపూసల మధ్య ఉండే బిళ్ళలు (డిస్కులు) ఉబ్బాయని వచ్చింది. శ్రీకాకుళం తీసుకొచ్చి 10 రోజులు ట్రాక్షన్ (నడుమును లాగి పట్టే చికిత్స), కరెంటు (నొప్పి ఉన్న చోట యంత్రంతో సన్నటి విద్యుత్తు ఇవ్వడం) పెట్టించారు. ఆ పది రోజులూ కొంత హాయిగా ఉండి, ఇంటికి వెళ్ళిన వారానికే నొప్పి మళ్ళీ మొదలైంది. అసలు ఫిజియోథెరపీ పనిచేస్తుందా, ఇంకో 10 రోజులు పెట్టించాలా, బెల్టు వాడాలా, పని మానిపించాలా అని అడిగారు.

నేను శ్రీకాకుళంలో 22 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో దాదాపు సగం మంది నడుము నొప్పివాళ్ళే. ఫిజియోథెరపీ పనిచేస్తుంది. కానీ మీ అమ్మగారికి ఇంతవరకు అందినది అందులో చిన్న భాగం మాత్రమే, అదీ అంత ముఖ్యం కాని భాగం. మంచం మీద పడుకోబెట్టి మేము చేసేది నొప్పిని కాసేపు నెమ్మదింపజేస్తుంది. నడుమును మళ్ళీ పనికి తట్టుకునేలా చేసేది మాత్రం ఆమెకు తగినట్టు ఎంచి, నేర్పి, వారం వారం పెంచుకుంటూ పోయే వ్యాయామం. అది ఇంట్లో, ఆమె చేతుల మీదుగా, కనీసం 6 నుంచి 12 వారాలు జరగాలి. అందువల్ల ఇంకో 10 రోజుల కరెంటు కోసం డబ్బు పెట్టవద్దు. పని పూర్తిగా మానిపించవద్దు, మార్పులు చేయించండి. బెల్టు సంగతి కింద చెబుతాను.

అయితే వ్యాయామం మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నడుము నొప్పితో వచ్చేవారిలో నూటికి ఎనభై అయిదుగురికి పైగా ప్రమాదకరమైన జబ్బేమీ ఉండదు. మిగిలిన కొద్దిమందిని వెతికి పట్టుకోవడం మా మొదటి బాధ్యత. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. తెల్లారే దాకా ఆగకూడదు. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా కూర్చున్నా ఒకే తీరుగా పీకే నొప్పి ఉంటే వెన్నుపూసకు పట్టే క్షయను, ఇతర జబ్బులను పరీక్షించాలి. మన ప్రాంతంలో వెన్నుపూస క్షయ అరుదైన సంగతి కాదు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు, సమయానికి పట్టుకుంటే నయమవుతుంది. ఇదివరకు క్యాన్సర్ వచ్చినవారి విషయంలోనూ, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు మింగినవారి విషయంలోనూ, ఎముకలు పలచబడిన వయసులో చిన్నగా జారిపడినా నొప్పి మొదలైనవారి విషయంలోనూ ఎక్స్‌రే తీయకుండా నేను చెయ్యి వేయను. మీ అమ్మగారికి చిన్న వయసులోనే గర్భసంచి ఆపరేషన్ జరిగి ఉంటే, అందులో అండాశయాలు కూడా తీసేశారేమో కాగితాలు చూసి చెప్పండి. అలా అయితే ఎముకలు ముందుగానే పలచబడే అవకాశం ఉంటుంది.

ఈ విషయంలో ఇంత పట్టుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట సోంపేట వైపు నుంచి మూటలు మోసే కలాసీ ఒకాయన వచ్చారు. వయసు 44. అంతకు ముందు ఇంకో చోట నాలుగు రోజులు ట్రాక్షన్ పెట్టించుకున్నారు. మాటల మధ్యలో రెండు రోజులుగా మూత్రం సరిగా దిగడం లేదని తేలిగ్గా చెప్పారు. అక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నొప్పి గురించే అడిగారు కాబట్టి ఆయనా చెప్పలేదు. ఆ సాయంత్రమే విశాఖపట్నం పంపించాం. ఆపరేషన్ జరిగి కాళ్ళు నిలబడ్డాయి గానీ, మూత్రం మీద పట్టు తిరిగి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగకుండా నేను ఎవరినీ మంచం ఎక్కించలేదు. సిగ్గుపడి చెప్పరు కాబట్టి మనమే అడగాలి. మీరూ అమ్మగారిని అడగండి, లేదా ఇంట్లో ఆడవాళ్ళ చేత అడిగించండి.

ఇంట్లోనే చూడగలిగిన పరీక్ష ఇంకొకటి. గోడ పట్టుకుని కుడి కాలి మునివేళ్ళ మీద ఆమె పదిసార్లు లేవగలరా? మడమల మీద పది అడుగులు నడవగలరా? కుడికాలి బొటనవేలును మీ వేలితో కిందికి నొక్కుతుంటే, ఎడమ కాలితో సమానంగా పైకి ఎత్తి ఆపగలరా? ఇవన్నీ చేయగలిగితే ఆ నరాలు కండరాలను సరిగానే నడిపిస్తున్నాయని అర్థం. నొప్పి ఎంత ఉన్నా బలం తగ్గకపోవడం మంచి సూచన. పాదం ఈడుస్తున్నా, చెప్పు జారిపోతున్నా వారం రోజులు కూడా వేచి చూడకుండా వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

ఇక ఎం.ఆర్.ఐ. రిపోర్టు. మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదేనని మీ మాటల్లో తెలుస్తోంది. మన వైపు రిపోర్టు చూడగానే "గుజ్జు అరిగిపోయింది", "డిస్క్ జారిపోయింది" అంటారు. ఆ మాట విన్న మనిషి ఆ రోజు నుంచి వంగడానికి, బిందె ఎత్తడానికి, చివరికి దగ్గడానికి కూడా భయపడతారు. నిజానికి డిస్కు జారదు. అది పైనున్న వెన్నుపూసకూ కిందున్న వెన్నుపూసకూ గట్టిగా అతుక్కుని ఉండే బిళ్ళ. వయసుతో అందులో నీరు తగ్గి అంచు కొద్దిగా ఉబ్బుతుంది, జుట్టు నెరిసినట్టే. నడుము నొప్పి బొత్తిగా లేని 3 వేల మందికి పైగా మనుషుల స్కానింగులను సమీక్షించిన పరిశోధన 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ళ వయసువారిలో 30 శాతం మందికి, 50 ఏళ్ళవారిలో 60 శాతం మందికి, 80 ఏళ్ళవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. అంటే మీ అమ్మగారి వయసులో ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా సగానికి పైగా మందికి అదే రిపోర్టు వస్తుంది. అందుకే నేను రిపోర్టును పక్కన పెట్టి మనిషిని పరీక్షిస్తాను. పరీక్షలో తేలినదీ రిపోర్టులో ఉన్నదీ ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడే దానికి విలువ ఇస్తాను. మీ అమ్మగారి విషయంలో నొప్పి పిర్ర నుంచి పిక్కకు లాగుతోంది కాబట్టి నరం రేగినట్టు ఉండవచ్చు, చేతితో పరీక్షించాక గానీ తేలదు. అలా నరం మీదికి పొంగుకొచ్చిన డిస్కు ముక్క కూడా చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది. పెద్దగా పొంగిన ముక్కలు చిన్నవాటికంటే ఎక్కువగా కరుగుతాయన్నది వినేవారికి వింతగా తోచినా వాస్తవమే.

కరెంటు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ (శబ్ద తరంగాలతో చేసే చికిత్స) గురించి నా అనుభవం దాచకుండా చెప్పాలి. చదువు పూర్తిచేసి వచ్చిన కొత్తలో నేను కూడా ప్రతి నడుము నొప్పికీ ఇవే పెట్టాను. పది రోజులు ట్రాక్షన్, పది రోజులు ఐ.ఎఫ్.టి. అనే కరెంటు, చివరి రోజున వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపడం. ఆ మనుషులే మూడు నెలలకు, ఆరు నెలలకు తిరిగి వస్తుండేవారు. అయిదారేళ్ళు గడిచాక పాత రిజిస్టర్లు తీసి చూసుకుంటే, తిరిగి రానివారిలో ఎక్కువమంది ఆ కాగితాన్ని నిజంగా పాటించినవారని అర్థమైంది. నాకు అది బాధగానే అనిపించింది, ఎందుకంటే నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది యంత్రాల మీద. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామాన్ని, నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేలా చెప్పడాన్ని, కొన్ని చేతి చికిత్సలను అవి సిఫారసు చేశాయి. ట్రాక్షన్‌ను, చర్మం మీద పట్టీలతో పెట్టే టెన్స్ అనే కరెంటును, అల్ట్రాసౌండ్‌ను, నడుము బెల్టులను మామూలు చికిత్సగా వాడవద్దన్నాయి. కాపడం మాత్రం నేను ఇప్పటికీ చెబుతాను. వేడినీళ్ళ సంచి 15 నిమిషాలు పెట్టుకుంటే బిగుసుకున్న కండరం వదులుతుంది, ఆ హాయిలో వ్యాయామం మొదలుపెట్టడం తేలిక. దానికి మీ ఇల్లు చాలు. పలాస నుంచి శ్రీకాకుళం 70 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అరగంట కరెంటు కోసం రోజూ బస్సులో రానూపోనూ అంతసేపు కూర్చోవడం ఈ నొప్పికి మేలు చేయదు.

బెల్టు విషయం కూడా ఇక్కడే ముగిస్తాను. నొప్పి బాగా రేగిన రెండు మూడు రోజులు, లేదా తప్పనిసరి ప్రయాణంలో పెట్టుకుంటే తప్పులేదు. నెలల తరబడి పొద్దున్నించి రాత్రి దాకా కట్టుకుంటే, అది లేనిదే లేవలేననే భయం మనసులో నాటుకుంటుంది.

మరి చేయవలసిన వ్యాయామం ఏమిటి? ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఒకరికి పనిచేసినది ఇంకొకరికి అప్పగించడం. నడుముకు ఏ దిక్కు కదలిక హాయినిస్తుందో ముందు కనిపెట్టాలి. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వచ్చిన రోగి ఒకరు, తల వైపు ఎత్తుగా ఉంచిన మంచం మీద పొరపాటున బోర్లా పడుకుని నడుము వెనక్కి వంగిన భంగిమలో కొన్ని నిమిషాలు ఉండిపోగా, వారాల తరబడి వదలని కాలి నొప్పి తగ్గింది. ఆ గమనింపు నుంచి ఎదిగిన పద్ధతే ఈ రోజు మేము రోజూ వాడే పరీక్షల్లో ఒకటి. అందులో గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది: కాలిలో ఉన్న నొప్పి పైకి, నడుము వైపు జరుగుతుంటే అది మంచి దారి, అప్పుడు నడుములో నొప్పి కాస్త పెరిగినా కంగారుపడవద్దు, నొప్పి కిందికి, పాదం వైపు దిగుతుంటే ఆ కదలిక వెంటనే ఆపాలి.

మీ అమ్మగారిలాగా రోజంతా ముందుకు వంగి కూర్చునేవారిలో వెనక్కి వంగే కదలిక చాలాసార్లు మేలు చేస్తుంది. పైన చెప్పిన ప్రమాద సూచనలు లేకపోతే ఇలా చూడండి. చాప మీద గాని గట్టి పరుపు మీద గాని, నులక మంచం మీద మాత్రం కాకుండా, బోర్లా పడుకుని రెండు మూడు నిమిషాలు ఊరికే ఉండాలి. అది సులువుగా ఉంటే మోచేతుల మీద ఆని ఛాతీ ఎత్తి ఇంకో రెండు నిమిషాలు. అదీ సులువైతే అరచేతులు నేలకు ఆనించి, నడుము కింది భాగం నేల మీదే వదిలేసి, చేతుల బలంతో పైభాగాన్ని ఎత్తి దించాలి. పదిసార్లు, రోజుకు నాలుగు అయిదు విడతలు. ప్రతి విడతకు ముందూ తరువాతా "నొప్పి ఇప్పుడు ఎక్కడుందమ్మా?" అని అడిగి, పిక్క, తొడ, పిర్ర, నడుము అని ఒక పుస్తకంలో రాయండి. మూడు నాలుగు రోజులకే ఆ రాతలో దారి కనిపిస్తుంది.

దీంతో పాటు నడక. మొదట ఉదయం 8 నిమిషాలు, సాయంత్రం 8 నిమిషాలు, చదునైన దారిలో. వారానికి రెండేసి, మూడేసి నిమిషాలు పెంచుకుంటూ రోజుకు 30 నిమిషాలకు చేరాలి. నడక చిన్న విషయమని తీసిపారేయవద్దు. నడుము నొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందిపై ఆస్ట్రేలియాలో జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, పద్ధతి ప్రకారం నడిచినవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టగా, నడవనివారికి 112 రోజులకే తిరగబెట్టింది.

కాలి నొప్పి వెనక్కి తగ్గాక, సుమారు మూడో వారం నుంచి, బలం పెంచే వ్యాయామాలు కలుపుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలను ఎత్తి అయిదు అంకెలు లెక్కపెట్టి దించడం. చేతులు, మోకాళ్ళ మీద నిలిచి కుడి చేయి, ఎడమ కాలు, తరువాత ఎడమ చేయి, కుడి కాలు చాచి నిలపడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవడం. ఆరో వారం నుంచి బరువు ఎత్తడం నేర్పుతాను. నడుము నొప్పివారికి బరువు నిషేధం అన్న మాట నేను ఒప్పుకోను. ఆమె ఇంటికి వెళ్ళాక బిందె ఎత్తక తప్పదు, బియ్యం బస్తా జరపక తప్పదు. ఆ పనికి నడుమును సిద్ధం చేయకుండా పంపడం వైద్యం కాదు. పొడవాటి కర్రను తల వెనక, వీపు, పిర్రలు మూడింటికీ ఆనేలా నిలువుగా పట్టుకుని, ఆ మూడూ కర్రను వదలకుండా తుంటి దగ్గర వంగడం సాధన చేయించి, తరువాత 3 లీటర్ల నీళ్ళున్న బకెట్టు, ఆ తరువాత 5, ఆ తరువాత 8 అలా పెంచుతాను. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి సున్నా నుంచి పది దాకా ఉన్న కొలతలో నాలుగు వరకు పెరిగి, మరుసటి ఉదయానికి మామూలు స్థితికి వస్తే చేసినది సరైన మోతాదే. మరుసటి రోజుకూ తగ్గకపోతే లెక్క సగానికి దించండి గాని మానవద్దు.

ఇదే వ్యాయామం అందరికీ ఎందుకు చెప్పకూడదో రెండు ఉదాహరణలు. ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన 67 ఏళ్ళ రైతు వంద అడుగులు నడిస్తే రెండు కాళ్ళూ బరువెక్కి మొద్దుబారేవి. గట్టు మీద రెండు నిమిషాలు కూర్చోగానే పోయేది. సైకిలు మాత్రం ఎంత దూరమైనా తొక్కగలిగేవారు. ఎవరో చెప్పగా రోజూ భుజంగాసనం వేస్తున్నారు, దానితో ఇంకా ఎక్కువైంది. వెన్నులో నరాలు దిగే మార్గం ఇరుకైనవారికి వెనక్కి వంగితే ఆ ఇరుకు పెరుగుతుంది, ముందుకు వంగితే తగ్గుతుంది. ఆసనం మాన్పించి, మోకాళ్ళు పొట్టకు చేర్చే వ్యాయామాలు, సైకిలు, మధ్యమధ్య కూర్చుంటూ నడక ఇచ్చాను. నాలుగు నెలలకు పొలం దాకా ఒక్క విరామంతో నడిచారు. రెండో మనిషి పైడిభీమవరంలో ఫ్యాక్టరీ పని చేసే 26 ఏళ్ళ కుర్రవాడు. మూడేళ్ళుగా డిస్కు అని మందులు వాడుతున్నాడు. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది, లేచాక గంటసేపు నడుము కర్రలా బిగుసుకుని ఉంటుంది, పనిలో పడితే తగ్గుతుంది, ఆదివారం విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది. విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నొప్పి చిన్న వయసులో మొదలైతే అది డిస్కు కాకపోవచ్చు. కీళ్ళవాత నిపుణుల దగ్గరకు పంపితే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్ళవాతం అని తేలింది. అతనికి మందూ కావాలి, వ్యాయామమూ కావాలి. మూడేళ్ళు వృథాగా పోయాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయానికి వస్తాను. మీది పలాస ప్రాంతం, అంటే ఉద్దానానికి ఆనుకున్న ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుదిపేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ భయం వల్ల మీ వైపు నుంచి వచ్చేవారు రెండు రకాలుగా నష్టపోతున్నారు. మొదటి రకం, నడుము నొప్పి అంటే కిడ్నీ పాడైందనుకుని కుంగిపోయేవారు. ఉద్దానంలో కనిపించే ఆ దీర్ఘకాలిక జబ్బు చాలాకాలం ఏ నొప్పీ లేకుండానే ముదురుతుంది. కిడ్నీలో రాయి, ఇన్ఫెక్షన్ వంటి వాటి నొప్పి పక్కటెముకల కింద ఒక పక్కగా వస్తుంది, చలి జ్వరమో మూత్రంలో మంటో తోడవుతాయి, వంగినా లేచినా పెద్దగా మారదు. మీ అమ్మగారిది కూర్చుంటే పెరిగి, కాలిలోకి లాగే నొప్పి; దాని తీరు వేరు. అయినా ఊహతో సరిపెట్టుకోవద్దు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రక్తంలో, దానితో పాటు మూత్ర పరీక్ష చేయించండి.

రెండో రకం ఇంకా ఎక్కువ నష్టపోయేవారు. ఊళ్ళో సూది వేయించుకుని, మందుల షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు కొనుక్కుని నెలల తరబడి మింగేవారు. ఈ బిళ్ళలు కిడ్నీకి చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో, వేడిలో చెమటోడ్చి, నీళ్ళు చాలినంత తాగని మనిషిలో ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ముందే కిడ్నీ బలహీనంగా ఉండి ఆ సంగతి తెలియని మనిషికి ఇవి చాలా ప్రమాదం. వైద్యుడు చూసి అయిదారు రోజులకు రాసిస్తే అది వేరు. నేను మందులు రాయను, అది నా పరిధి కాదు. కానీ ఉద్దానం వైపు నుంచి ఎవరు వచ్చినా క్రియాటినిన్ కాగితం చూపించమని, ఏ బిళ్ళలు ఎన్నాళ్ళుగా వాడుతున్నారో సంచిలోంచి తీసి చూపించమని అడుగుతాను. ఒకావిడ సంచిలోంచి మూడు వేర్వేరు పేర్ల బిళ్ళలు తీశారు. మూడింటిలోనూ ఉన్నది ఒకే రకం మందు. మీ అమ్మగారి సంచి కూడా ఈ రోజే చూడండి. పరీక్షలో తేడా కనిపిస్తే పలాసలోనే కిడ్నీ వైద్యానికి 200 పడకల ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

పని సంగతి. జీడి పరిశ్రమలో పొట్టు తీసే ఆడవాళ్ళకు కూలి కిలోల లెక్కన వస్తుంది కాబట్టి, అరగంటకోసారి లేచి విశ్రాంతి తీసుకోమని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. లేచిన ప్రతి నిమిషమూ వాళ్ళకు డబ్బే. అందుకని విశ్రాంతి అనే మాట వదిలేసి, పనిలోనే లేవడం కలిసేలా చూడాలి. పొందూరులో ఖద్దరు నూలు వడికే 58 ఏళ్ళ ఆవిడకు నేను చేయించిన మార్పు ఒక్కటే: పక్కనే పెట్టుకునే దూది ఏకులను గదికి అవతలి మూల, నడుము ఎత్తున ఉన్న అరుగు మీద పెట్టించాను. ఏకులు అయిపోయినప్పుడల్లా ఆమె లేవాలి, నాలుగడుగులు నడవాలి. నూలు లెక్క తగ్గలేదు, సాయంత్రానికి నడుము పట్టేయడం తగ్గింది. మీ అమ్మగారి విషయంలో కూడా పప్పు పళ్ళాన్ని సగమే నింపుకుని, మిగతాది దూరంగా ఉంచుకోవచ్చు. లేచిన ప్రతిసారీ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని అయిదుసార్లు వెనక్కి వంగాలి. దానికి పావు నిమిషం చాలు. నేల మీద కాకుండా బల్ల ముందు స్టూలు మీద కూర్చునే వీలు యజమాని కల్పిస్తే అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే అయిదారు అంగుళాల ఎత్తు పీట వేసుకుని, వీపు గోడకు ఆనేలా కూర్చోవాలి. మొదటి రెండు వారాలు సగం పూట పని చేసి తరువాత పెంచుకోవచ్చు. పూర్తిగా మంచం పట్టించడం మాత్రం వద్దు. రెండు రోజులు పడుకోమన్న వారినీ, ఏడు రోజులు పడుకోమన్న వారినీ పోల్చిన అధ్యయనం 1986లోనే వచ్చింది. ఎక్కువ రోజులు పడుకున్నందువల్ల నొప్పి తగ్గడంలో లాభమేమీ కనిపించలేదు, పని రోజులు మాత్రం ఎక్కువ పోయాయి.

ఆపరేషన్ గురించి మీరు నేరుగా అడగలేదు గాని, ఎవరో ఆ మాట అన్నారని రాశారు. మూత్రం ఆగడం, కాలి బలం తగ్గుతూ పోవడం ఉంటే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. అవి లేకుండా కేవలం కాలి నొప్పి ఉన్నప్పుడు తొందర లేదు. నెదర్లాండ్స్‌లో 283 మందిపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి త్వరగా చేయించుకున్నవారిలోనూ, ముందు ఆగి చూసినవారిలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగినవారిలోనూ నూటికి 39 మంది ఆ ఏడాదిలో ఆపరేషన్‌కు వెళ్ళారన్నది కూడా చెప్పాలి. అంటే ఇది భయపడి చేయించుకునేదీ కాదు, భయపడి మానేసేదీ కాదు. మూడు నెలలు సరైన వ్యాయామం చేసినా కాలి నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే శస్త్రచికిత్స నిపుణుడి అభిప్రాయం తీసుకోండి.

ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తొక్కించాలని బంధువులు అంటున్నారని రాశారు. దయచేసి వద్దు. ఎముక పలచబడిన వయసులో వెన్నుపూస విరిగి వచ్చినవారిని నేను చూశాను. కాన్పు ఆపరేషన్ నాడు నడుములో వేసిన మత్తు సూది వల్లే ఇన్నేళ్ళ తరువాత ఈ నొప్పి వచ్చిందన్న అనుమానం కూడా పెట్టుకోనక్కరలేదు. ఆ సూది తగిలిన చోట కొన్ని రోజులు సలుపు ఉంటుందే గాని, ఏళ్ళ తరబడి నొప్పి రాదు.

ఫిజియోథెరపిస్టును ఎంచుకునేటప్పుడు మొదటి రోజు ఏం జరిగిందో చూడండి. బట్టతో, సూదితో స్పర్శ చూశారా, కాలి బలం చూశారా, కాలు నిటారుగా ఎత్తి చూశారా, మూత్రం గురించి అడిగారా, ఇంటి వ్యాయామం చేయించి చూసి తప్పులు దిద్దారా? ఇవి జరిగితే ఎవరి దగ్గరైనా మంచిదే. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కూడా చూపించవచ్చు. రోజూ రానక్కరలేదు. మొదటి నెల వారానికి ఒకసారి, తరువాత రెండు వారాలకోసారి వస్తే చాలు. మిగతాదంతా ఇంట్లో జరగవలసిన పని. మధ్యలో ఒకటి రెండు సార్లు నొప్పి తిరగబెడుతుంది, అది ముందే ఆమెకు చెప్పి ఉంచండి. తిరగబెట్టినప్పుడు మూడు నాలుగు రోజులు మొదటి వారపు వ్యాయామాలకు వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడి నుంచి పెంచుకుంటూ రావాలి.

ముందుగా క్రియాటినిన్ పరీక్ష, మునివేళ్ళ మీద లేచే పరీక్ష రెండూ చేయించండి. తరువాత వారం రోజులు బోర్లా పడుకునే వ్యాయామం చేయించి, నొప్పి పిక్కలోనే ఉందా, తొడకు వచ్చిందా, పిర్ర దగ్గర ఆగిందా అన్నది మీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. రెండో వారంలో ఏం కలపాలో, ఏం ఆపాలో దాన్ని చూసి చెబుతాను.